వెలుగులో శిలల గురుతులు

మన రైతు గట్టు మీద నిలిచి చూచినంతనే ఇది నల్లరేగడి, ఇది చెలక, ఇది చౌడు అని చెప్పగలడు. మట్టిని చేతిలోనికి తీసికొనక ముందే, నేల నుండి కంటికి చేరిన వెలుగు అతనికి ఆ సంగతిని తెలిపినది. అయితే ఈ నేర్పు ఊరక వచ్చినది కాదు. అంతకు ముందు అతడు ఆ నేలలను ఏండ్ల తరబడి దున్నియున్నాడు. తడిమట్టిని వ్రేళ్ళతో నలిపి చూచియున్నాడు. చేయి ఎరిగిన దానినే కన్ను దూరము నుండి గుర్తుపట్టును.

వస్తువును తాకకుండ, దాని నుండి వచ్చు వెలుగు మొదలగు కిరణముల మూలమున దాని స్వభావమును తెలిసికొను విధానమునకు దూరసంవేదనము అని పేరు. దీనినే రిమోట్ సెన్సింగ్ అందురు. రైతు విషయమున ఈ దూరము కొన్ని గజములు మాత్రమే. చంద్రుని విషయమున అది సుమారు 3,84,000 కిలోమీటర్లు. అంత దూరము నుండి చూచి, అచ్చట ఈ రాయి ఉన్నది, ఈ ఖనిజము లేదు అని చెప్పినచో నమ్ముట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో అమెరికా దేశపు శాస్త్రజ్ఞురాలు కార్లే పీటర్స్ తమ జీవితములో అధికభాగమును వెచ్చించిరి. చంద్రుని మీద నీటిజాడను తెలిపిన చంద్రయాన్-1 నౌకలోని ఒక ముఖ్య పరికరమునకు నాయకత్వము వహించినది ఆమెయే.

పాఠశాల నుండి పరిశోధనకు

పీటర్స్ 1966లో అంటియాక్ కళాశాల నుండి పట్టము పొందిరి. ఆమె మొదట చేపట్టినది ఉపాధ్యాయవృత్తి. అమెరికా ప్రభుత్వము 1961లో నెలకొల్పిన పీస్ కోర్ అను సేవాసంస్థ తరఫున మలేషియాకు వెళ్ళి, అచ్చటి విద్యార్థులకు విజ్ఞానశాస్త్రమును బోధించిరి. తరువాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, మరల విద్యార్థినియై, 1977లో డాక్టరేటు పట్టమును సంపాదించిరి. కొంతకాలము హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రములో పనిచేసి, 1980లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలిగా చేరిరి. పాఠము చెప్పుట, పరిశోధించుట అను రెండు పనులును అటుపిమ్మట ఆమె జీవితములో కలిసియే సాగినవి.

ఆమె విద్యార్థినిగా ఉన్న కాలము చంద్రశాస్త్రమునకు మంచి అదను. 1969 నుండి 1972 వరకు ఆరు అపోలో యాత్రలలో వ్యోమగాములు సుమారు 382 కిలోగ్రాముల రాళ్ళను, మట్టిని భూమికి తెచ్చిరి. అంతవరకు దూరము నుండి మాత్రమే తెలిసిన చంద్రుడు మొదటిసారి చేతికి చిక్కినాడు. కాని ఆరు చోట్ల ఎత్తిన మట్టి చంద్రుని అంతటికి ప్రతినిధి కాజాలదు. ఒక జిల్లాలో ఆరు గుంటలు త్రవ్వి దేశమంతటి నేలను గూర్చి తీర్పు చెప్పుట వంటిది అది. మిగిలిన చంద్రుని చదువవలెనన్న, వెలుగే ఆధారము.

వెలుగులోని పల్లములు

కుంకుమ ఎర్రగా కనబడుటకు కారణమేమి? దాని మీద పడిన తెల్లని ఎండలో నీలము, ఆకుపచ్చ మొదలగు రంగులను అది పీల్చుకొని, ఎరుపును మాత్రమే ఎక్కువగా వెనుకకు పంపును. ఏ రంగు ఎంతమాత్రము తిరిగి వచ్చినదో వరుసగా కొలిచి గీత గీసినచో, పీల్చుకొనబడిన రంగుల చోట ఆ గీతలో పల్లములు ఏర్పడును. ఈ గీతయే ఆ వస్తువు యొక్క పరావర్తన వర్ణపటము.

మన కంటికి కనబడు వెలుగు తరంగదైర్ఘ్యము సుమారు 0.4 నుండి 0.7 మైక్రోమీటరు వరకు మాత్రమే. మైక్రోమీటరు అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఖనిజముల ముఖ్యమైన గురుతులు దీనికి ఆవల, కంటికి కనబడని పరారుణ కిరణములలో ఉన్నవి. పైరాక్సీన్ అను ఖనిజములోని ఇనుప అయాను 1 మైక్రోమీటరు వద్ద ఒకటి, 2 మైక్రోమీటర్ల వద్ద మరియొకటి, రెండు పల్లములను చూపును. ఆలివిన్ అను ఖనిజములో గూడ ఇనుమే ఉన్నను, 1 మైక్రోమీటరు చుట్టును వెడల్పైన పల్లము ఒక్కటే కనబడును. ఇనుము ఒకటే అయినను దాని చుట్టును ఆక్సిజను పరమాణువులు అమరిన తీరు వేరు. అందుచేత దాని ఎలక్ట్రానులు పీల్చుకొను వెలుగు గూడ వేరు.

ఈ విషయమును తరగతిలో మైలుతుత్తముతో చూపవచ్చును. నీలముగా ఉన్న దాని పలుకును తీసికొని మెత్తగా నూరినచో పొడి రంగు వెలిసినట్లగును. పదార్థము మారలేదు, రేణువు చిన్నదైనందున వెలుగు దానిలో సాగు దారి తగ్గి, పీల్చుకొనబడు భాగము తగ్గినది. ఆ పొడిని పరీక్షనాళికలో మెల్లగా వేడిచేసినచో, స్ఫటికములోని నీరు ఆవిరియై పోయి, పొడి తెల్లబారును. ఒక నీటిబొట్టు వేయగనే మరల నీలమగును. రాగి అయాను చుట్టును నీటి అణువులు ఉన్నంతవరకే ఆ నీలము. ఇది విషపదార్థము గనుక ఉపాధ్యాయుల ఎదుటనే ఈ ప్రయోగము చేయవలెను, ఎక్కువగా కాల్చరాదు, తరువాత చేతులు కడుగుకొనవలెను.

ఈ చిన్న ప్రయోగములో రెండు పాఠములున్నవి. వెలుగు పదార్థము లోపలి అమరికను తెలుపును, ఇది మొదటిది. అదే పదార్థము రేణువుల పరిమాణమును బట్టి వేరుగా కనబడవచ్చును, ఇది రెండవది. మొదటి పాఠము దూరసంవేదనమునకు ధైర్యము నిచ్చును. రెండవది హెచ్చరిక చేయును.

చేతిలోని మట్టి, ఆకాశములోని చంద్రుడు

చంద్రునిలో మనవారు కుందేలుగా చూచు నల్లని మచ్చలు పూర్వము కరగిన శిల ప్రవహించి గడ్డకట్టిన బసాల్టు మైదానములు. మన నల్లరేగడి నేలలలో పెక్కింటికి మూలమైన దక్కను శిల గూడ బసాల్టే. పీటర్స్ డాక్టరేటు పరిశోధనకు ఈ మచ్చలే విషయమైనవి. దూరదర్శినితో వాని వర్ణపటములను కొలిచి, భూమికి వచ్చిన రాళ్ళ వర్ణపటములతో ఆమె సరిపోల్చిరి. కంటికి ఒకే నలుపుగా తోచు మైదానములలో పలురకముల బసాల్టు ఉన్నదనియు, వానిలో పెక్కురకములు వ్యోమగాములు తెచ్చిన రాళ్ళలో లేవనియు తేలినది.

1982లో ఆమె ప్రకటించిన మరియొక ఫలితము కోపర్నికస్ బిలమునకు సంబంధించినది. సుమారు 93 కిలోమీటర్ల వెడల్పు గల ఈ బిలము నడుమ కొండలున్నవి. పెద్ద ఉల్క తాకినపుడు అడుగుననున్న శిల పైకి పొంగి ఇట్టి కొండలగును. ఆ కొండల వర్ణపటములో రెండు పల్లములకు బదులు ఆలివిన్ చూపు వెడల్పైన ఒక్క పల్లమే కనబడినది. చంద్రుని పైపొర క్రింద ఏ శిల ఉన్నదో, త్రవ్వకుండగనే తెలిసికొనుటకు ఇది ఒక మార్గమైనది.

ఇట్టి సరిపోలికలకు నమ్మకమైన కొలబద్ద కావలెను. బ్రౌన్ విశ్వవిద్యాలయములో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తోడ్పాటుతో రిలాబ్ అను పరావర్తన ప్రయోగశాల పీటర్స్ ఆధ్వర్యమున పనిచేసినది. చంద్రుని మట్టి, ఉల్కాశిలలు, భూమి మీది ఖనిజములు అచ్చట ఒకే పద్ధతిలో కొలువబడెను. వెలుగు ఏ కోణమున పడవలెనో, ఏ కోణమున చూడవలెనో గూడ నిర్ణయించి కొలుచుట అచ్చటి విశేషము. ఇతర సంస్థల పరిశోధకుల నమూనాలను గూడ కొలిచి, ఫలితములను అందరికి అందుబాటులో ఉంచుట వలన ఆ ప్రయోగశాల ఒక ఉమ్మడి నిఘంటువుగా ఉపయోగపడినది.

పల్లములు ఒకదానిపై నొకటి పడినపుడు వానిని విడదీయుట మరియొక చిక్కు. ఇందుకొక గణితపద్ధతిని పీటర్స్, ఆమె శిష్యురాలు జెస్సికా సన్‌షైన్, మరియొక సహచరునితో కలిసి 1990లో ప్రకటించిరి. ఈ శిష్యురాలి పేరు ముందు మరల వచ్చును.

మట్టికి వచ్చు ముసలితనము

చంద్రుని రాతిని ప్రయోగశాలలో పొడి చేసి చూడగా, ఆ పొడి చంద్రుని మట్టిని పోలలేదు. మట్టి మరింత నల్లగాను, కొంత ఎర్రదనముతోను ఉండెను. పల్లములు నిస్సారముగా ఉండెను. గాలి లేని ఆ లోకమున సూర్యుని నుండి వచ్చు కణముల ధార, సూక్ష్మమైన ఉల్కల వాన కోట్ల ఏండ్లుగా మట్టిని తాకుచున్నవి. ఆ తాకిడిలో ఆవిరియైన పదార్థము రేణువులపై పలుచని పూతగా దిగును. ఆ పూతలో అతిసూక్ష్మమైన ఇనుపకణములు చేరియుండును. ఇట్టి పూతయే నలుపునకు కారణమని బ్రూస్ హాప్కె 1970 దశకములోనే వాదించిరి. ఇనుపకణములు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో కనబడినది 1990 దశకములో. చంద్రుని మట్టిని రేణువుల పరిమాణమును బట్టి వేరుపరచి కొలిచి, పీటర్స్ బృందము 2000లో ఈ విషయమును స్థిరపరచినది.

దీని ఫలితము చంద్రునితో ఆగలేదు. భూమిపై పడు ఉల్కాశిలలలో ఎక్కువ భాగము సాధారణ కాండ్రైట్లు అను రకమునకు చెందినవి. వాని వర్ణపటమునకు సరిపోవు గ్రహశకలములు మాత్రము ఆకాశమున తగినన్ని కనబడలేదు. శకలముల పైమట్టి ముదిరి రంగు మారియుండునని ఊహించినచో ఈ చిక్కు విడును. జపాను వారి హయబుసా నౌక ఇటోకావా అను శకలము నుండి 2010లో తెచ్చిన ధూళిని పరీక్షింపగా, అది ఆ ఉల్కాశిలల రకమే అనియు, దాని రేణువులపై సూక్ష్మమైన ఇనుపకణములు ఉన్నవనియు 2011లో వెల్లడియైనది.

అయినను ఒకచోటి సూత్రము అంతటను చెల్లదు. డాన్ నౌక వెస్టా అను పెద్ద శకలమును పరిశీలించినపుడు, అచ్చటి మట్టిలో చంద్రుని వంటి మార్పు కనబడలేదు. బయటినుండి వచ్చిపడిన నల్లని పదార్థము స్థానికమైన మట్టితో కలియుటయే అచ్చట ముఖ్యకారణమని పీటర్స్ మొదలగువారు 2012లో తెలిపిరి.

శ్రీహరికోట నుండి చంద్రునికి

2008 అక్టోబరు 22వ తేదీ ఉదయము శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి11 రాకెట్టు చంద్రయాన్-1ను మోసికొని లేచినది. నౌకలో 11 పరికరములు ఉండెను. వానిలో 5 భారతదేశపువి, 6 విదేశములవి. విదేశీ పరికరములలో మూన్ మినరాలజీ మ్యాపర్ ఒకటి. దానిని నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల నిర్మించినది. దాని శాస్త్రకార్యమునకు పీటర్స్ ప్రధాన పరిశోధకురాలు.

సాధారణమైన ఛాయాచిత్రములో ప్రతి బిందువునకు ఒక రంగు మాత్రమే ఉండును. ఈ పరికరము తీసిన చిత్రములో ప్రతి బిందువునకు ఒక పూర్తి వర్ణపటము ఉండును. చంద్రుని 100 కిలోమీటర్ల ఎత్తునుండి చుట్టుచు, 40 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీని అది ఒకేసారి చూడగలిగెను. చంద్రుని అంతటిని చిత్రించు పద్ధతిలో ఒక్కొక్క బిందువు 140 మీటర్ల చదరము, అనగా దాదాపు అయిదు ఎకరముల నేల. అట్టి ప్రతి ముక్క నుండి వచ్చిన వెలుగును 85 భాగములుగా విడదీసి కొలిచినది. చంద్రుని వెనుకవైపున మాస్కోవియెన్స్ అను చోట స్పినెల్ అధికముగా గల శిలను గుర్తించినది ఈ పరికరమే. 2 మైక్రోమీటర్ల వద్ద పెద్ద పల్లము ఉండి, 1 మైక్రోమీటరు వద్ద దాదాపు ఏమియు లేకుండుట దాని గురుతు.

మూడు మైక్రోమీటర్ల చిక్కు

కాని అందరిని ఆశ్చర్యపరచిన పల్లము వేరు. వర్ణపటము చివర, 2.8 నుండి 3 మైక్రోమీటర్ల నడుమ, వెలుగు కొంచెము తగ్గెను. హైడ్రాక్సిల్ గాని నీరు గాని ఉన్న పదార్థము పీల్చుకొను తరంగదైర్ఘ్యము అది. అపోలో రాళ్ళను చూచిన నాటి నుండి చంద్రుని ఉపరితలము నీటి జాడయే లేని నేల అని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ రాళ్ళలో కనబడిన కొద్దిపాటి తేమ భూమి మీది గాలి నుండి అంటినదని భావించిరి.

ఒక పల్లమును చూచి నలువది ఏండ్ల అభిప్రాయమును కాదనవచ్చునా? అనుమానమునకు కారణములు గట్టివే. పరికరము అమరికలో చిన్న లోపము ఉన్నను అట్టి పల్లము కనబడవచ్చును. పైగా మధ్యాహ్నము చంద్రుని నేల నీరు మరుగు వేడిని మించి కాగును. అంత వేడియైన నేల తానే పరారుణ కిరణములను వెలువరించును. ఆ వేడివెలుగును లెక్కించి తీసివేయుటలో పొరపాటు జరిగినచో, పల్లము లేనిచోట ఉన్నట్లును, ఉన్నచోట లేనట్లును తోచును. అన్నిటికంటె పెద్ద చిక్కు మరియొకటి: పరికరపు చూపు 3 మైక్రోమీటర్లతో ఆగిపోవును. పల్లములోనికి దిగు గట్టు కనబడును గాని, ఆవలి గట్టు కనబడదు.

అందుచేత వేరు సాక్ష్యములను వెదకిరి. శనిగ్రహమునకు వెళ్ళుచు 1999లో చంద్రుని సమీపమున సాగిన కస్సీని నౌక కొలతలు భద్రముగా ఉండెను. రోజర్ క్లార్క్ వానిని మరల విశ్లేషించిరి. తోకచుక్కల పరిశోధనకై ప్రయాణించుచున్న డీప్ ఇంపాక్ట్ నౌక 2009 జూనులో చంద్రుని పరిశీలించినది. ఈ రెండు నౌకల పరికరములును 3 మైక్రోమీటర్లకు ఆవల గూడ చూడగలవు. రెండును ఆ పల్లమును చూపినవి. డీప్ ఇంపాక్ట్ విశ్లేషణకు నాయకత్వము వహించినది జెస్సికా సన్‌షైన్. గురువు పాల్గొన్న పరిశోధన ఫలితము శిష్యురాలి చేత మరియొక నౌక కొలతలతో పరీక్షింపబడినది.

చంద్రయాన్-1తో సంబంధము 2009 ఆగస్టు 29న తెగిపోయెను. సెప్టెంబరు 24న ఈ మూడు నౌకల ఫలితములును సైన్స్ పత్రికలో ఒక్కసారిగా వెలువడినవి. పీటర్స్ బృందపు వ్యాసరచయితలలో చంద్రయాన్-1 ముఖ్య శాస్త్రజ్ఞులు జె. ఎన్. గోస్వామి గూడ ఉండిరి. సూర్యుని నుండి వచ్చు హైడ్రోజను కణములు నేలలోని ఆక్సిజనుతో కలిసి హైడ్రాక్సిల్ ఏర్పడుచుండవచ్చునని వారు సూచించిరి. చంద్రునిపై చెరువులు గాని బావులు గాని ఉన్నవని దీని అర్థము కాదు. ఇది రేణువుల పైపొరను అంటియున్న స్వల్పమైన పదార్థము మాత్రమే.

తేలినవి, తేలవలసినవి

ఆ పల్లము హైడ్రాక్సిల్‌దా, నీటిదా? ఈ భేదమును ఆ పరికరము తేల్చలేకపోయెను. 2020లో విమానమున అమర్చిన సోఫియా దూరదర్శినితో చేసిన పరిశీలన వెలువడినది. నీటి అణువు మాత్రమే చూపు 6 మైక్రోమీటర్ల గురుతు క్లావియస్ బిలము ప్రాంతమున అందు కనబడెను. 2019 జులై 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-2లో భారత శాస్త్రజ్ఞులు అమర్చిన వర్ణపటమాపకపు చూపు 0.8 నుండి 5 మైక్రోమీటర్ల వరకు సాగినది. మొదటిసారి కనబడని ఆవలి గట్టును చూచుటకే ఆ విస్తృతి. అయినను, పొద్దు ఎక్కి దిగునప్పుడు ఈ తేమ హెచ్చుతగ్గులగునా అను విషయమున వాదము సాగినది. వేడివెలుగును తీసివేయు లెక్క మార్చినచో సమాధానము గూడ మారునని 2018లో కొందరు పరిశోధకులు చూపిరి.

అదే సంవత్సరము మరియొక బృందము, మూగబోయిన చంద్రయాన్-1 కొలతలనే మరల తీసికొని, ధ్రువముల వద్ద ఎండ ఎన్నడును పడని బిలములలో మంచు ఉన్నదని ప్రకటించినది. బిలముల గట్ల నుండి చెదరివచ్చిన మసకవెలుగులో మంచు గురుతులను వారు వెదకి పట్టిరి. వారిలో ప్రథముడు షువాయ్ లీ. ఆయన బ్రౌన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందినవారు. నౌక పదినెలలే పనిచేసినది. కొలతలను దాచి అందరికి అందించినందున తొమ్మిదేండ్ల తరువాత గూడ అవి క్రొత్త ఫలితమునిచ్చినవి.

పీటర్స్‌కు అమెరికా భూగర్భశాస్త్ర సంఘమువారి గిల్బర్ట్ పురస్కారము, ఖగోళశాస్త్ర సంఘపు గ్రహవిభాగమువారి కైపర్ బహుమానము 2004లో లభించినవి. 3713 సంఖ్య గల గ్రహశకలమునకు ఆమె పేరు పెట్టిరి. విద్యార్థులు గ్రహింపవలసినది ఆమె కీర్తి కంటె ఆమె పద్ధతి. దూరమున చూచిన దానిని చేతిలోని నమూనాతో సరిచూచుట, ఒక పరికరము చెప్పిన దానిని వేరొక పరికరముతో అడిగి తెలిసికొనుట, కొలతలను దాచుకొనక పదుగురి యెదుట పెట్టుట—ఇవి మూడును పాఠశాల ప్రయోగశాలలో గూడ అలవరచుకొనదగినవి. మైలుతుత్తము తెల్లబారినపుడు, ఇది అదే పదార్థమని ఎట్లు తెలియునని అడుగు విద్యార్థి ఆ పద్ధతిలో మొదటి మెట్టు ఎక్కినట్లే.